స్కోరు రాసే పిల్లవాడు

బడికి వేసవి సెలవులిచ్చారంటే ప్రొద్దుటూరు వీధుల్లో ఇంటింటా ఒకటే కేక: "ఆ ఫోను అవతల పెట్టి కాస్త బయటికి పోయి ఆడుకోరా అబ్బీ." అరిచేది వంటింట్లోని అమ్మ కావచ్చు, బంగారం అంగడి నుంచి భోజనానికి వచ్చిన నాయన కావచ్చు. మే నెల మిట్టమధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో, కింద పెన్న ఇసుక కాలిపోతుంటే బయటికి పొమ్మనడం ఏం న్యాయమని అడిగే ధైర్యం పిల్లలకుండదు. పొద్దు వాలినాక సంగతి వేరు. అప్పుడైనా ఆ 'బయట' ఎక్కడుంది, అక్కడ ఎవరెవరికి చోటుంది అన్నది మాత్రం కేక వేసినవాళ్ళు పోయి చూసినట్టు కనపడదు.

ఏదైనా హైస్కూలుకు పోయి ఆటల పీరియడ్ చూడండి. గంట కొట్టగానే మగపిల్లలు గోడ మీద బొగ్గుతో గీసిన మూడు వికెట్ల దగ్గరికి పరిగెత్తుతారు. ఆడపిల్లలకు పీఈటీ సారు ఒక టెన్నికాయిట్ రింగు ఇచ్చి వేపచెట్టు కింద చోటు చూపిస్తాడు. తొమ్మిదో తరగతి దాటినవాళ్ళలో చాలామంది ఆ రింగు కూడా ముట్టరు, అరుగు మీద కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. ఈ రెండు గుంపుల్లోనూ కలవని పిల్లవాడొకడు దాదాపు ప్రతి బడిలోనూ ఉంటాడు. వాడి నడక, చేతులు తిప్పే తీరు, సన్నటి గొంతు తోటివాళ్ళకు నవ్వులాట. ఇద్దరు కెప్టెన్లు వంతులవారీగా ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ పోతే చివరికి మిగిలేది వాడే. "నువ్వు స్కోరు రాయిరా" అని పుస్తకం చేతిలో పెడతారు. అందరి వాచీలు, చెప్పులు కాపలా కాస్తూ వాడు ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్కొక్క పరుగూ రాస్తాడు. మూడేళ్ళు రాసినా ఆ పుస్తకంలో వాడి పేరు ఒక్కసారి కూడా పడదు. పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడ్ ఉన్న రోజే వాడికి కడుపునొప్పి వస్తుంటుంది. సాయంత్రాలు గది తలుపు దగ్గరికి వేసుకుని ఫోనుతో గడుపుతాడు. మనం బయటికి పొమ్మని కసిరేది వీడినే.

మైదానాల సంగతి చెప్పేదేముంది. మూడంతస్తుల మేడలో నడిచే ప్రైవేటు బడికి ఆటస్థలం అంటే మెట్ల కింద సైకిళ్ళు పెట్టే జాగా. ఊరి చివర ఖాళీ నేలలన్నీ రాళ్ళు పాతిన ప్లాట్లు. మిగిలిన ఒకటీ అరా మైదానంలో పొద్దున నడిచే పెద్దలు, సాయంత్రం క్రికెట్ ఆడే పెద్ద కుర్రాళ్ళు, మధ్యలో ఏదో ఒక ఎగ్జిబిషనో బహిరంగ సభో.

ఆడపిల్లల బయట ఇంకా చిన్నది. తొక్కుడుబిళ్ళ ఆడే వయసులో వీధంతా వాళ్ళదే. పెద్దమనిషి అయిన మర్నాటి నుంచి ఆ వీధి గుమ్మం దాకా కుంచించుకుపోతుంది. ఆ తర్వాత బయటంటే బడి, ట్యూషను, గుడి. మరీ అయితే మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తడానికి పోయిన ఆ పది నిమిషాలు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత మహిళలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచినప్పుడు కడప జిల్లా పొంగిపోయింది. పొంగాల్సిందే కదా. ఎడమచేతి స్పిన్నుతో ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన శ్రీచరణి మన వీరపునాయునిపల్లె మండలం బిడ్డ. పేపర్లనిండా ఆమె ఫొటోలే, ఊరేగింపులు, ప్రభుత్వ బహుమతులు. ఆ రాత్రి టీవీ ముందు ఈలలు వేసిన నాయనల్లో ఎంతమంది మర్నాడు సాయంత్రం కూతురి చేతికి బంతి ఇచ్చి మైదానం దాకా తీసుకుపోయారో ఎవరూ లెక్క కట్టలేదు. లెక్క కడితే మనకే చిన్నతనం.

పోనీ ఆ ఆడపిల్లలు ఫోనులో మునిగిపోయారందామా అంటే, అదీ పూర్తిగా వాళ్ళ చేతిలో లేదు. 2023లో అసర్ అనే విద్యా సర్వే పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ళ పిల్లలను పలకరించింది. స్మార్ట్‌ఫోను వాడటం తెలిసిన మగపిల్లల్లో 43.7 శాతం మందికి సొంత ఫోను ఉంటే, ఆడపిల్లల్లో 19.8 శాతం మందికే ఉందట. మిగతా వాళ్ళది అన్న ఫోనో, నాయన ఫోనో. రాత్రి పది దాటాక ఇస్తారు, అదీ హిస్టరీ చూస్తామన్న షరతు మీద.

ఇక మగపిల్లల సంగతి. జమ్మలమడుగు నుంచి గండికోటకు బండి మీద అరగంట దారి. ఆదివారం సాయంత్రం లోయ అంచున, ఎర్ర బండల మీద నలుగురు కుర్రాళ్ళు. నల్ల కళ్ళద్దాలు ఒకే జత, వంతులవారీగా పెట్టుకుంటున్నారు. నీళ్ళ సీసాకు ఫోను ఆనించి, ఒకడు మెల్లగా నడిచి వచ్చేలోపు గాలికి జుట్టు చెదిరిందని మళ్ళీ వెనక్కి పంపిస్తారు. అయిదోసారికి అందరికీ నచ్చుతుంది. తర్వాత నాలుగు తలలు ఒక్క తెర మీదికి వంగి, సిగ్నల్ కోసం ఫోనును ఆకాశం వైపు ఎత్తి పట్టుకుంటారు. కింద పెన్న, ఎదురుగా అస్తమించే సూర్యుడు. ఇంతకీ వీళ్ళు బయట ఉన్నట్టా, ఫోనులో ఉన్నట్టా? ఇల్లు, బయట, ఫోను అని మనం గీసుకున్న గీతలు వాళ్ళకు లేవు. వాళ్ళకు కావలసింది ఎవరో ఒకరు చూసి "బాగుందిరా" అనడం.

అందులో తప్పు పట్టేముందు పులివెందుల నాలుగు రోడ్ల కూడలిలో ఒకసారి తల పైకెత్తి చూడటం మంచిది. నాయకుడి పుట్టినరోజుకు కట్టిన ఫ్లెక్సీలో నాయకుడి బొమ్మ ఒకటైతే, చుట్టూ తపాలా బిళ్ళంత ముఖాలు యాభై. ఏ ముఖం ఏ వరుసలో రావాలన్న దగ్గర పెద్ద పెద్ద మీసాలవాళ్ళు అలిగిన సందర్భాలున్నాయి. నలుగురి మెప్పు కోసం తపించడం ఈ గడ్డకు ఫోనుతో వచ్చిన జబ్బేమీ కాదు. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు ఇక పిల్లలు దారికొస్తారని సంబరపడినవాళ్ళున్నారు. పది రోజులు తిరగకుండానే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చి ఆ జాగా నింపేసింది. ఆకలి అలాగే ఉంటే కంచం లాక్కుని ఏం లాభం?

అయితే ఆ మెప్పు అందరికీ ఒకే ధర పలకదు. మీసం మెలేసి నడిచే కుర్రాడికి వీధిలోనూ మెప్పు దొరుకుతుంది, రీలులోనూ దొరుకుతుంది. సమరసింహారెడ్డి (1999) మొదలుకొని సినిమా మన సీమ మగవాడిని సుమోలో కూర్చోబెట్టి తొడగొట్టించి పాతికేళ్ళు దాటింది. ఆ వేషం మనకు ఎంతవరకు కుదిరిందో సినిమావాళ్ళకే తెలియాలి. కానీ పద్నాలుగేళ్ళ పిల్లవాడు అద్దం ముందు నిలబడితే వాడికి కనిపించే మగవాడు అతనే. తనలో ఆ మగవాడు లేడని, అసలు తాను మగవాడిని కాదేమోనని అనిపించే పిల్లవాడికి ఇంట్లో చెప్పుకోవడానికి మనిషి ఉండడు. అటువంటివాడు ఫోనులో ఇంకో పేరుతో ఖాతా తెరుస్తాడు. ముఖం ఉండదు, ఒక పువ్వు బొమ్మ. రాత్రి పదకొండుకు దుప్పటి కప్పుకుని, ఎక్కడో వైజాగులోనో హైదరాబాదులోనో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి తనను "అక్కా" అని పిలిచిన మాట చదువుకుంటాడు. బడిలో రోజంతా విన్న పిలుపులు వేరు: తేడాగాడని ఒకడు, జబర్దస్త్ లేడీ గెటప్ అని ఇంకొకడు. ఆ ఒక్క మాట కోసం వాడు నిద్ర మానుకుంటే, ఫోను పిచ్చి అని కొట్టిపారేయడానికి మనసు రాదు.

"ఇదంతా ఆ ఫోను నేర్పిన తెగులు, మా కాలంలో ఇవన్నీ ఎక్కడివి?" అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో పోట్లాడాల్సిన పని లేదు, కొన్ని తారీఖులు గుర్తు చేస్తే చాలు. ఇంటింటికీ చవక డేటా తెచ్చిన జియో వచ్చింది 2016లో. అంతకు అయిదేళ్ళ ముందు, 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక 'ఇతరులు' అన్న గడిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి 43,769 మంది తేలారు. ఇంకా వెనక్కి పోతే, 1919లోనే నిజాం సర్కారు హిజ్రాల మీద ఒక చట్టం చేసింది. వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించడం, ఆడబట్టలతో బజారులో కనిపిస్తే పట్టుకుని లోపల వేయడం దాని సారాంశం. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకాల్లో బతికే ఉంది. మన దత్తమండలాలు 1800లోనే నిజాం చెయ్యి దాటి ఈస్టిండియా కుంఫిణీ వారికి పోయాయి కాబట్టి ఆ చట్టం కడపకు వర్తించలేదు. చట్టం రాకున్నా ఆ చూపు ఇక్కడా ఉండనే ఉండింది. లేని మనుషుల మీద ఏ సర్కారూ చట్టం చేయదు కదా.

అసలు ఈ సీమలో మగవాడు చీర కట్టడం వింతేమీ కాదు. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు పోయినవాళ్ళకు తెలుసు. మొక్కు ఉన్న మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు ముడిచి, బొట్టు పెట్టుకుని గుడికి నడుస్తుంటే పెళ్ళాలే దగ్గరుండి కుచ్చిళ్ళు సర్దుతారు. ఎవరూ నవ్వరు. వీధి నాటకాల్లో ద్రౌపది చాలావరకు మగవాడే. కోస్తా నుంచి స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టి 1956లో పద్మశ్రీ దాకా పోయాడు. ఇంకో వైపు ఇదే కడప జిల్లా సురభి ఊళ్ళో 1885లో మొదలైన నాటక సమాజం, ఆడవాళ్ళు రంగం ఎక్కడమే తప్పనుకునే రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్ళ చేతనే ఆడవేషాలు కట్టించింది. ఒకటి మొక్కు, ఒకటి వేషం, ఒకటి పొట్టకూటి కళ. ఇవీ, ఒక మనిషి లోపల తాను ఎవరన్న ఎరుకా ఒకటి కావు, కలిపేయకూడదు కూడా. మొక్కు తీరాక చీర విప్పేసేవాడికీ, విప్పితే ఊపిరాడని మనిషికీ చాలా తేడా ఉంది. మన పెద్దలకు ఈ దృశ్యం కొత్త కాదని చెప్పడానికే ఇదంతా. పండగ నాడు నవ్వకుండా చూడగలిగినవాళ్ళు మామూలు రోజున ఎందుకు చూడలేరు?

ఇక్కడే రెండో వైపు కూడా చెప్పాలి. జుట్టు పెంచిన ప్రతి కుర్రాడూ, ప్యాంటు వేసుకుని బండి నడిపే ప్రతి అమ్మాయీ ఏదో ఒక పేరు కింద చేరాల్సిందే అన్నట్టు ఫోనులో కొందరు తొందరపెడుతుంటారు. పరీక్ష పేపరు దిద్దినట్టు నువ్వు ఇదీ, నువ్వు అదీ అని తేల్చేస్తారు. పద్నాలుగేళ్ళ వయసులో మనిషి చాలా చొక్కాలు తొడిగి చూస్తాడు. కొన్ని నప్పుతాయి, కొన్ని విప్పేస్తాడు, కొందరికి మొదటిసారి తొడిగిందే జన్మంతా ఉంటుంది. పెద్దవాళ్ళు వద్దని లాగేయడం ఎంత తప్పో, తెరవతల మనుషులు ఇదే నీదని బొత్తాలు పెట్టేయడం అంతే తప్పు. పిల్లలకు కావలసింది తీరిక. తీరికగా తమను తాము చూసుకోవడానికి నాలుగు రకాల మనుషులు, నాలుగు రకాల పనులు, ఒళ్ళు అలసిపోయే ఆట ఉండాలి. మెప్పంతా ఒక్క తెర మీదే దొరికితే, ఆ తెర కసురుకున్న రోజు వాళ్ళకు నిలబడే చోటుండదు.

కసురుకోవడం అంటే ఎంతదాకా పోతుందో 2023 నవంబరులో దేశమంతా చూసింది. ఉజ్జయినిలో 16 ఏళ్ళ కుర్రవాడు మేకప్ కళ తనంతట తాను నేర్చుకుని వీడియోలు పెట్టేవాడు. దీపావళికి చీర కట్టిన రీలు ఒకటి పెట్టాడు. దాని కింద వచ్చిపడిన తిట్లు చదవలేనివి. కొద్ది రోజుల్లోనే ఆ బిడ్డ ప్రాణం తీసుకున్నాడు. తిట్టినవాళ్ళలో ఎక్కువమంది అతని ఈడు పిల్లలే అయి ఉంటారన్న ఊహ ఇంకా బాధ పెడుతుంది. వాళ్ళకూ ఆ రోజు నాలుగు లైకులు వచ్చి ఉంటాయి. మన ఊళ్ళలోనూ ఇటువంటి పిల్లల ఇన్‌బాక్సులు చూస్తే వెకిలి మాటలు, ఫొటోలు పంపమని ఒత్తిళ్ళు, పంపితే నాయనకు చూపిస్తామని బెదిరింపులు. దొంగ పేరుతో తెరిచిన ఖాతా కాబట్టి ఇంట్లో చెప్పుకోలేరు, చెబితే ముందు ఫోను పోతుంది, తర్వాత బడి కూడా పోవచ్చు. మనసు బాగోలేనప్పుడు పేరు చెప్పకుండా మాట్లాడటానికి 14416 అనే టెలిమానస్ నంబరు ఉందని, తెలుగులోనే మాట్లాడతారని ఎన్ని హైస్కూళ్ళ గోడల మీద రాసి ఉంది?

చట్టం మాత్రం మనకన్నా చాలా ముందు నడిచింది. 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లకు తాము ఎవరో తామే చెప్పుకునే హక్కు ఉందని ఒప్పుకుంది. 2019లో పార్లమెంటు చేసిన చట్టంలో 13వ సెక్షన్ గురించి మన పీఈటీ సార్లు ఎప్పుడూ విని ఉండరు. ప్రభుత్వం నిధులిచ్చే లేదా గుర్తించిన ప్రతి విద్యాసంస్థా ట్రాన్స్‌జెండర్ పిల్లలకు చదువుతో పాటు ఆటలు, కాలక్షేపం, తీరిక వేళల్లో కూడా అందరితో సమానంగా చోటు ఇవ్వాలని అందులో ఉంది. చట్టం రాసిన పెద్దమనిషి ఎవరో గానీ ఆటల మాట మరిచిపోలేదు. అమలు సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4 వేల రూపాయల పింఛను వస్తోంది. మంచిదే. అది 18 నిండినాక వచ్చేది. పన్నెండేళ్ళప్పుడు మైదానం నుంచి, పదిహేనేళ్ళప్పుడు బడి నుంచి, పదహారేళ్ళప్పుడు ఇంటి నుంచి జారిపోయిన పిల్లను పద్దెనిమిదికి ఎక్కడని వెతికి పట్టుకుని పింఛను పుస్తకం ఇస్తాం?

2024 డిసెంబరులో హైదరాబాదులో ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకోవడానికి గోషామహల్ పోలీసు మైదానంలో పరుగు, లాంగ్‌జంప్ వంటి పోటీలు పెట్టారు. 39 మంది విధుల్లో చేరారు. ఆ వార్త చదివి ఆనందించినవాళ్ళలో ఎంతమందికి తట్టిందో తెలియదు గానీ, పరిగెత్తి చూపించమని అడిగిన ఆ మనుషుల్ని చిన్నప్పుడు పరిగెత్తనిచ్చినవాళ్ళు తక్కువ. మైదానం కూడా అమాయకమైన చోటేమీ కాదు. హైదరాబాదులో నాగపురి రమేశ్ దగ్గర సాధన చేసిన ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ను, ఒంట్లో హార్మోన్లు ఎక్కువున్నాయన్న పేరుతో 2014లో కామన్వెల్త్ క్రీడలకు పోనివ్వలేదు. నేను ఆడదాన్నని చెప్పుకోవడానికి ఆమె స్విట్జర్లాండులోని క్రీడా న్యాయస్థానం దాకా పోవలసి వచ్చింది. 2015లో అక్కడ గెలిచి, మళ్ళీ పరుగెత్తి దేశానికి పతకాలు తెచ్చింది. అంత గుండె అందరికీ ఉండాలని కోరడం అన్యాయం. పోటీలకు నియమాలు కావాలి, వాటి మీద వాదనలు ఇంకా చాలాకాలం నడుస్తాయి, నడవనివ్వండి. కానీ మన మున్సిపల్ మైదానంలో సాయంత్రం పూట బంతి విసురుకునే పిల్లలకు ఒలింపిక్స్ నియమాలతో పనేముంది?

కాబట్టి ఈ వేసవిలో అడగాల్సినవి చిన్న కోరికలే. ఏటా మే నెలలో జిల్లాలో శిక్షణ శిబిరాలు పెడతారు. క్రికెట్టు, కబడ్డీ, ఖోఖో, అన్నీ జట్టు కట్టి, ఏరి, మిగిలినవాళ్ళను ఇంటికి పంపే ఆటలే. వాటి పక్కన ఏరివేత లేని గంట ఒకటి ఉండాలి. నడక, ఈత, చెక్కభజన, కోలాటం, గండికోట లోయలో రాళ్ళు ఎక్కడం నేర్పడం, ఏదైనా సరే. శిబిరం రిజిస్టరులో పిల్లలు ఏ పేరు చెబితే ఆ పేరు రాసుకోవడానికి సిరా ఎక్కువ ఖర్చు కాదు. ఆడపిల్లలు చీకటి పడ్డాక కూడా ఉండగలిగేలా మైదానంలో దీపాలు, శుభ్రమైన మరుగుదొడ్డి, గొళ్ళెం పడే తలుపు కావాలి. ఆ గొళ్ళెం సంగతి స్కోరు రాసే పిల్లవాడికి కూడా ముఖ్యమే. బడిలో వాడు పొద్దుటి నుంచి నాలుగింటి దాకా నీళ్ళు తాగకుండా ఉండేది ఎందుకో సార్లు ఒక్కసారి అడిగి చూడాలి.

దసరా వైభవంలో మైసూరు తర్వాత మనమే అని చెప్పుకునే ప్రొద్దుటూరుకు ఒక మైదానంలో నాలుగు స్తంభాల దీపాలు బరువేమీ కాదు. జమ్మలమడుగు, పులివెందుల కూడా అంత చేతకాని ఊళ్ళు కావు, ఫ్లెక్సీలకు అయ్యే ఖర్చులో సగం చాలు. ఆ దీపాల కింద ఎవరు ఏ ఆట ఆడాలో, ఏ బట్టల్లో ఆడాలో తేల్చడానికి పెద్దమనుషుల కమిటీ ఒకటి వేయకుండా ఉంటే సరి.